కోడీ, కోడిగుడ్డూ: కొన్ని వింతలు, కొన్ని నిజాలు



లేని తప్పులు వెదికేవాణ్ణి చూసి “కోడిగుడ్డు మీద ఈకలు పీకకు” అని మన పెద్దలు మందలించేవారు. నేడు ఈ ముసలి వైద్యుడు సరిగ్గా ఆ పనికే కూర్చున్నాడు. గుడ్డు మీద ఈకలు లేకపోవచ్చు గాని, ఆ నున్నని పెంకు వెనుక ఉన్న విశేషాలు మాత్రం తరగనివి. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో గుడ్డును గూర్చి నన్ను ప్రశ్నించని ఇల్లు లేదు. “గుడ్డు వేడి చేస్తుందా? సొన తింటే గుండెపోటు వస్తుందా? నాటుగుడ్డుకూ ఫారం గుడ్డుకూ తేడా ఏమిటి?” ఇవీ ఆ ప్రశ్నలు. వాటికి సమాధానాలు చెబుతాను. అంతకన్నా ముందు, మీకు తెలియని కొన్ని వింతలు చెప్పి కాసేపు ఆనందింపజేయాలని నా కోరిక. చివరలో మాత్రం ఒక విన్నపం ఉన్నది. అది గుడ్డును గూర్చి కాదు, ఆ గుడ్డు మీ ఇంట్లో ఎవరి పళ్ళెంలోకి వెళ్తున్నదన్న దానిని గూర్చి.

మన కొండలూ, కోడి వంశమూ

పత్తికొండ నుండి గుత్తికి వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉన్నది. అక్కడి బండల మీద అశోక చక్రవర్తి శాసనాలు ఉన్నాయన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాటిలో మొదటి శిలాశాసనం రాజుగారి వంటశాలను గూర్చినది. ఒకప్పుడు ఆ వంటశాలలో నిత్యం లక్షలాది ప్రాణులు వధింపబడేవట. శాసనం వేయించే నాటికి అవి మూడింటికి తగ్గాయి. ఆ మూడింటిలో రెండు నెమళ్ళు, ఒకటి లేడి. ముందుముందు అవి కూడా ఉండబోవని చక్రవర్తి ప్రకటించాడు. ఉత్తరాదిన స్తంభాల మీద చెక్కించిన మరొక శాసనంలో, కోడిపుంజులకు వృషణాలు తీయరాదని కూడా ఆజ్ఞాపించాడు. రెండు వేల రెండు వందల ఏళ్ళ క్రిందటి రాజాజ్ఞలో కోడికి చోటు దక్కిందంటే, అప్పటికే అది మనిషి పెరటి ప్రాణి అయిందన్నమాట.

నెమలీ, కోడీ ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. మన పెరటి కోడికి మూలపురుషుడు ఆగ్నేయాసియా అడవులలోని ఎర్ర అడవికోడి. అయితే దాని చర్మపు పసుపు రంగు మాత్రం ఆ మూలపురుషుని సొత్తు కాదు. ఆ రంగుకు కారణమైన జన్యువు మన దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రపంచంలో ఏ దేశంలో పసుపుపచ్చని కాళ్ళ కోడి కనిపించినా, దాని ఒంట్లో మన దక్కను అడవుల అంశ కొంత ఉన్నదని మీరు నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఒక్క రోజులో ఒక శిల్పం

ఇక గుడ్డు తయారీని చూద్దాం. స్త్రీకి రెండు అండాశయాలు పనిచేస్తాయి. కోడిపెట్టకు సాధారణంగా ఎడమవైపుది ఒక్కటే పనిచేస్తుంది. కుడివైపుది పిండదశలోనే కుంచించుకుపోతుంది. అండాశయం నుండి పచ్చసొన విడుదలైన తరువాత దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు 3 గంటలు, పలుచని పొరలు ఏర్పడడానికి గంటకు పైగా పడుతుంది. ఆపైన పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు కావాలి. మొత్తం కలిపితే 24 నుండి 26 గంటలు. అందువల్లనే పెట్ట నేడు ఉదయం 8 గంటలకు గుడ్డు పెడితే, రేపు మరికొంత ఆలస్యంగా పెడుతుంది. అలా ఆలస్యమవుతూ మధ్యాహ్నం దాటే సమయానికి ఒక రోజు విరామం తీసుకుంటుంది. “మా కోడి నిన్న గుడ్డు పెట్టలేదు, దిష్టి తగిలింది” అని బాధపడే అవ్వలకు నేను ఈ లెక్కే చెప్పేవాణ్ణి.

గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతూనే ఉంటుంది; అవి పొదిగినా పిల్లలు కావు, అంతే. ఫారం గుడ్లు ఈ కోవకు చెందినవే. గుడ్డులో అప్పుడప్పుడు కనిపించే రక్తపు చుక్క కూడా పిల్ల ఏర్పడిందనడానికి గుర్తు కాదు. సొన విడుదలయ్యేటప్పుడు ఒక సన్నని రక్తనాళం చిట్లినందువల్ల ఏర్పడిన మరక మాత్రమే అది.

కోడికి వెలుతురు ఎంత ముఖ్యమో చూడండి. దినానికి 14 నుండి 16 గంటల వెలుతురు ఉంటే అది బాగా గుడ్లు పెడుతుంది. ఆశ్చర్యమేమంటే, ఆ వెలుతురును అది కళ్ళతోనే గాక పుర్రె గుండా కూడా గ్రహిస్తుంది. దాని మెదడు లోపలనే కాంతిని గుర్తించే కణాలు ఉన్నాయి. అడవికోడి ఏడాదికి సుమారు 10, 15 గుడ్లు పెడితే, నేటి తెల్ల లెగ్‌హార్న్ జాతి పెట్ట 300కు పైగా పెడుతుంది. మనిషి ఎంపిక చేసి పెంచిన ఫలితం అది.

ఎముక కరిగి పెంకవుతుంది

వైద్యునిగా నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం ఇది. గుడ్డు పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేటు. అంటే మన గోడలకు వేసే సున్నపురాయి పదార్థమే. ఒక పెంకుకు 2 గ్రాములకు పైగా కాల్షియం అవసరం. అది పెట్ట శరీరంలోని మొత్తం కాల్షియంలో సుమారు పదవ వంతు. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట. ఆ వేళ కోడి మేత మేయదు కదా, మరి అంత సున్నం ఎక్కడి నుండి వస్తుంది? గుడ్లు పెట్టే కాలం రాగానే పెట్ట తన పొడవాటి ఎముకల బోలులో ఒక ప్రత్యేకమైన ఎముకను పెంచుకుంటుంది. అది దాని పొదుపు డబ్బీ. రాత్రిపూట ఆ ఎముకను కరిగించి పెంకుకు ఇస్తుంది. పగలు మేతతో మళ్ళీ నింపుకుంటుంది. మేతలో సున్నం తక్కువైతే పొదుపు హరించుకుపోయి అసలు ఎముకలే బలహీనపడతాయి. పెంకు లేని మెత్తని గుడ్డు, మనవాళ్ళు తోలుగుడ్డు అని పిలిచేది, ఆ లోటుకు ఒక హెచ్చరిక.

మన కర్నూలు ఎండలలో పెంకు పలుచబడడానికి మరొక కారణం కూడా ఉన్నది. కోడికి చెమట పట్టదు. అది నోరు తెరిచి ఎగశ్వాసతో ఒంటి వేడిని బయటకు పంపుతుంది. ఆ ఎగశ్వాసలో బొగ్గుపులుసు వాయువు అధికంగా పోయి, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేటు రక్తంలో తగ్గుతుంది. వేసవిలో కోళ్ళకు సోడా నీళ్ళు త్రాగించగా పెంకు మందంగా వచ్చిందని అమెరికాలో పరిశోధకులు గమనించారు. మన పెరటిలో సోడా కొట్టించనక్కరలేదు. గంప నీడన ఉంచి, చల్లని నీళ్ళు పెట్టి, గుడ్డు పెంకులను కాల్చి నలిపి మేతలో కలిపితే చాలు.

పెంకు గట్టి గోడలా కనిపిస్తుంది గాని, దానికి వేల సంఖ్యలో సూక్ష్మరంధ్రాలు ఉన్నాయి. లోపలి పిల్ల శ్వాసించేది వాటి గుండానే. ఆ రంధ్రాల మీద ఒక పలుచని సహజమైన పూత ఉంటుంది. గుడ్లను తెచ్చిన వెంటనే కడిగి దాచిపెట్టేవారు ఈ పూతను తొలగిస్తున్నారని గ్రహించాలి. కడగదలచుకుంటే వండే ముందు కడగండి. గుడ్డు పాతబడేకొద్దీ లోపలి తేమ ఆవిరై, మొద్దు కొసన ఉండే గాలి అర పెద్దదవుతుంది. అందుకే నీళ్ళలో వేసినప్పుడు తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. ఉడికించిన గుడ్డు పెంకు సరిగా రాకపోతే అంగడివాణ్ణి తిట్టకండి. అది గుడ్డు మరీ తాజాదని తెలిపే యోగ్యతాపత్రం. సొన చుట్టూ ఏర్పడే ఆకుపచ్చని వలయం విషం కాదు. ఎక్కువసేపు ఉడికించడంతో తెల్లసొనలోని గంధకమూ, పచ్చసొనలోని ఇనుమూ కలిసి ఏర్పడిన పదార్థం అది.

పెంకు రంగు కోడి జాతిని బట్టి ఉంటుంది. పోషకాలలో దానితో తేడా రాదు. సొన రంగు మేతను బట్టి ఉంటుంది. మొక్కజొన్న తిన్న కోడి సొన పచ్చగాను, మన జొన్నలు మాత్రమే తిన్న కోడి సొన పాలిపోయినట్లుగాను ఉంటాయి. మేతలో బంతిపూల పొడి కలిపి సొన రంగు పెంచేవారూ ఉన్నారు. కావున రంగు చూసి రెట్టింపు ధర పెట్టేముందు ఒకసారి ఆలోచించండి.

పెంకు లోపలి ఇరవై ఒక్క రోజులు

పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు, మేత అంతంతమాత్రంగానే మేస్తుంది. ఆ స్థితికి కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోనే, తల్లికి పాలు పడేలా చేసేది కూడా. ఒకే రసాయనం పక్షిలో పొదుగుగాను, మనిషిలో పాలుగాను మారడం సృష్టిలోని చిత్రం. పొదుగు కాలంలో పెట్ట గుడ్లను దినానికి అనేక పర్యాయాలు ముక్కుతో త్రిప్పుతుంది. త్రిప్పకపోతే లోపలి పిండం పొరలకు అంటుకుపోయే ప్రమాదం ఉన్నది. 21వ రోజుకు పిల్ల బయటకు వస్తుంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందు అది లోపలి గాలి అరలోకి ముక్కు చొప్పించి తొలిశ్వాస తీసుకుంటుంది. పెంకు లోపల నుండే కిచకిచలాడుతుంది, తల్లి బదులు పలుకుతుంది. పెంకు పగలగొట్టడానికి ముక్కు కొసన ఒక చిన్న గట్టి మొన ఉంటుంది. పని కాగానే అది రాలిపోతుంది. పుట్టే ముందు మిగిలిన పచ్చసొనను పిల్ల పొట్టలోకి లాక్కుంటుంది. అందుకే పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకున్నా బ్రతకగలదు. పసి కోడిపిల్లలను అట్టపెట్టెలలో వందల మైళ్ళు పంపగలగడం ఈ సద్దిమూట పుణ్యమే.

వైద్యులకు పాఠం చెప్పిన కోడి

మన పత్తికొండ పేరు వైద్య చరిత్రలో ఒక విషాద సందర్భంలో వినిపిస్తుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో మరణించాడు. ఉదయం ఆరోగ్యంగా ఉన్న మనిషి సూర్యాస్తమయానికి లేకుండా పోయే జబ్బు అది. గవర్నరుకు సైతం ఆ రోజులలో మందు లేదు. అర్ధ శతాబ్దం తరువాత, 1879లో, ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కోళ్ళకు వచ్చే మరొక కలరాను పరిశోధిస్తున్నాడు. పేరు ఒకటే గాని క్రిమి వేరు. వేసవి సెలవులలో వాడకుండా ఉండిపోయిన పాత క్రిములను కోళ్ళకు ఎక్కించగా, అవి కాస్త నలతపడి కోలుకున్నాయి. ఆ తరువాత తాజా క్రిములు ఎక్కించినా చావలేదు. బలహీనపరచిన క్రిమితో రోగనిరోధకం కల్పించవచ్చునన్న సూత్రం అలా ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నది. నేడు మీ మనవలకు వేయిస్తున్న అనేక టీకాలకు ఆ కోళ్ళే దారి చూపాయి.

తరువాతి పాఠం నేటి జావా ద్వీపంలోని బటావియాలో జరిగింది. పందొమ్మిదవ శతాబ్దం చివరలో క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధి కారణాన్ని వెదుకుతున్నాడు. అతని కోళ్ళకు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయాయి. కొంతకాలానికి వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీయగా, సైనిక ఆస్పత్రి వంటశాలలో మిగిలిన తెల్లని పాలిషు బియ్యపు అన్నం వాటికి పెడుతూ ఉన్నారని తేలింది. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యపు బియ్యం బయటి కోళ్ళకు ఇవ్వనని నిరాకరించడంతో ముతక బియ్యం పెట్టారు, కోళ్ళు బాగుపడ్డాయి. తౌడులో ఉన్న బి1 విటమిను కథ అలా మొదలైంది. ఐక్మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాలను పీడించిన వ్యాధి ఈ బెరిబెరియే. జొన్నరొట్టె, కొర్రన్నం తిన్న మన పశ్చిమ ప్రాంతపు పెద్దలకు ఆ బెడద లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రసూతి గదిలో పుట్టిన ప్రతి శిశువుకు తొడ మీద ఒక చిన్న ఇంజెక్షను ఇవ్వడం మీరు చూసి ఉంటారు. అది కె విటమిను. దానిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ కనుగొన్నది కోడిపిల్లలలోనే. కొవ్వు తీసిన మేత తిన్న పిల్లలకు రక్తం గడ్డకట్టక పోవడం అతను గమనించాడు. 1943లో ఆయనకూ నోబెల్ లభించింది. వైరసు వల్ల క్యాన్సరు రావచ్చునని 1911లో పేటన్ రౌస్ మొదట నిరూపించినది కోడిలోనే; లోకం దానిని పూర్తిగా గుర్తించి నోబెల్ ఇచ్చేసరికి 1966 వచ్చింది. మన రక్తంలో ప్రతిరక్షకాలు తయారుచేసే ‘బి’ కణాల పేరులోని ఆ అక్షరం, కోడి మలద్వారం చెంత ఉండే బర్సా అనే చిన్న సంచి నుండి వచ్చింది. 1931లో ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ వైరసును కోడిగుడ్డులో పెంచే పద్ధతిని కనుగొన్నాడు. నేటికీ ఫ్లూ టీకాలలో అధికభాగం గుడ్లలోనే తయారవుతున్నది.

నా వంటి వయోవృద్ధులకు ఈర్ష్య కలిగించే విషయం మరొకటి. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని వెంట్రుకల వంటి కణాలు మనకు ఒకసారి నశిస్తే తిరిగి రావు. కోడికి మాత్రం కొద్ది వారాలలోనే అవి మళ్ళీ మొలుస్తాయి. ఈ సంగతి 1988లో బయటపడింది. ఆ రహస్యం మనిషికి ఎప్పుడు అందుతుందా అని చెవి మందగించిన వారందరూ ఎదురుచూస్తున్నారు. వారిలో నేనూ ఒకణ్ణి.

కోడి తెలివి

“నా కోడి కూయకుంటే, నా కుంపటి లేకుంటే ఊరికి ఎలా తెల్లవారుతుంది?” అనుకున్న అవ్వ కథ మనకు తెలిసినదే. అవ్వ మాట ఎలా ఉన్నా, కోడికి మాత్రం తెల్లవారే వేళ వెలుతురు చూడకనే తెలుసు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయం వారు పుంజులను ఎప్పుడూ ఒకే మసక వెలుతురులో ఉంచి చూడగా, అవి తెల్లవారే వేళకు ముందుగానే కూసాయి. వాటి శరీరంలోనే ఒక గడియారం ఉన్నది. అంతేకాదు, గుంపులో పెద్ద హోదా గల పుంజే మొదట కూస్తుంది; మిగిలినవి వరుసక్రమంలో అందుకుంటాయి. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవవచ్చునన్న కట్టుబాటు ఉన్నదని నార్వే దేశపు షెల్డెరుప్-ఎబ్బె వంద సంవత్సరాల క్రిందటనే వ్రాశాడు. మేత దగ్గర బలమైనది ముందు తింటుంది, బలహీనమైనది చివరన మిగిలినది తింటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉన్నది.

ఇక మీ ప్రశ్నలకు సమాధానాలు

భారతదేశంలో గుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. 1971లో వెంకటేశ్వర హేచరీస్‌ను నెలకొల్పిన డాక్టర్ బి.వి.రావు, ఆయన పూనికతో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఈ మార్పుకు పునాది వేశారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకానికై వనరాజా, గ్రామప్రియ జాతులను అందించింది. ఇంత చేరువలో ఉన్న ఆహారాన్ని మనం అపోహలతో దూరం చేసుకోవడం విచారకరం.

గుడ్డు వేడి చేస్తుందా? శరీరంలో జ్వరం గాని, పుండ్లు గాని గుడ్డు వల్ల పుట్టవు. వేసవిలో కూడా దినానికి ఒక గుడ్డు నిర్భయంగా తినవచ్చు. గర్భిణులకు, బాలింతలకు అది మేలు చేసేదే. గుడ్డు తిన్న తరువాత ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, ఆయాసం కలిగినవారు మాత్రం అలర్జీ కావచ్చునని గుర్తించి వైద్యుని కలవాలి.

సొన పారవేయాలా? ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొలెస్టరాల్ 200 మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ ఉంటుంది. అదంతా సొనలోనే ఉంటుంది. అయితే ఎ, డి, బి12 విటమిన్లు, మెదడు ఎదుగుదలకు కావలసిన కోలిన్ కూడా అధికభాగం సొనలోనే ఉన్నాయి. మన రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగాన్ని మన కాలేయమే తయారుచేస్తుంది. ఆరోగ్యవంతులు దినానికి ఒక గుడ్డు తింటే గుండెజబ్బు ముప్పు పెరగదని పెద్ద అధ్యయనాలు తెలుపుతున్నాయి. మధుమేహం, గుండెజబ్బు, వంశపారంపర్యంగా అధిక కొలెస్టరాల్ ఉన్నవారు తమ వైద్యుని సలహా తీసుకోవాలి. సొనకు భయపడి, అదే గుడ్డును నూనెలో ముంచి వేపి తినేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది.

పచ్చిగుడ్డు బలమా? కాదు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు 90 శాతానికి పైగా వంటబడతాయి, పచ్చిదానివి సగమే వంటబడతాయి అని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూపారు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమినును బంధిస్తుంది. ఉడికిస్తే దాని శక్తి నశిస్తుంది. పైగా పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా క్రిములు చేరి విరేచనాలు కలుగవచ్చు. పక్షులకు ఫ్లూ సోకిందన్న వార్తలు వచ్చినప్పుడు కూడా బాగా ఉడికించిన గుడ్డు, మాంసం తినడానికి భయపడనక్కరలేదు. చచ్చిన కోళ్ళను చేతులతో తాకడమే ప్రమాదం.

గుడ్డు తింటే రక్తం పడుతుందా? ఇక్కడ చాలామంది పొరబడతారు. సొనలో ఇనుము ఉన్నది గాని, దానిని ఒక మాంసకృత్తి గట్టిగా పట్టుకొని ఉంటుంది. మన ప్రేగులకు అందేది స్వల్పం. సి విటమిను గుడ్డులో అసలే లేదు. కోడి దానిని తన మూత్రపిండాలలో తానే తయారుచేసుకోగలదు కాబట్టి, గుడ్డులో దాచవలసిన అవసరం దానికి కలుగలేదు. కావున రక్తహీనత ఉన్నవారు గుడ్డు తింటూనే ఐరన్ మాత్రలు తప్పక వేసుకోవాలి. మాత్ర వేసుకునే వేళకు గుడ్డు, పాలు, టీ తీసుకోక, నిమ్మరసమో, ఉసిరికాయో తీసుకోండి.

బిడ్డలకు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆరు నెలలు నిండిన తరువాత బాగా ఉడికించి, మెత్తగా నలిపి, కొద్దికొద్దిగా. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లో 6 నుండి 9 నెలల పిల్లలకు ఆరు నెలలపాటు దినానికి ఒక గుడ్డు ఇవ్వగా, ఎత్తు తక్కువగా ఉండే లోపం దాదాపు సగానికి తగ్గిందని 2017లో ప్రకటించారు. ఆఫ్రికాలోని మలావీలో అదే పని చేయగా అంతటి తేడా కనిపించలేదు. అక్కడి బిడ్డలు ముందునుండే చేపలు తినేవారు. దీని అర్థం స్పష్టం. గుడ్డు మంత్రం కాదు. మాంసకృత్తులు అందని ఇంట్లో అది ఎక్కువ మేలు చేస్తుంది.

నా విన్నపం

మాంసకృత్తులు అందని ఇళ్ళు మన పశ్చిమ ప్రాంతంలో ఎన్ని లేవు? వానలు మొండికేసిన సంవత్సరాలలో పల్లెలకు పల్లెలు సుగ్గికి తరలిపోవడం మీరెరుగుదురు. ఒక గర్భిణిని ఆమె అత్త నా దగ్గరకు తీసుకొని వచ్చింది. ఆరవ నెల. రక్తం 7 గ్రాములు. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తున్నారు కదా, తింటున్నావా అని అడిగాను. ఆమె తల వంచుకున్నది. “ఇంటికి తెస్తాది సారూ. చేనికి పోయేటోడు మొగోడు, వానికి పెడతాం. పిల్లోడు ఏడిస్తే వానికి సగం. ఇది ఇంట్లో ఉండేదే గదా” అని అత్త సమాధానం చెప్పింది.

నాకు ఉపన్యాసం ఇవ్వాలనిపించలేదు. “అవ్వా, మీ ఇంట్లో కోళ్ళు ఉన్నాయా?” అన్నాను. “ఉండాయి, ఐదు.” “గుడ్లు పెట్టే పెట్టకు గింజలు వేస్తావా, పుంజుకు వేస్తావా?” ఆమె నా తెలివితక్కువతనానికి నవ్వింది. “ఇద్దరికీ ఏస్తా. పెట్టకు ఓ గుప్పెడు ఎక్కువే ఏస్తా. ఏయకుంటే తోలుగుడ్డు పెడతాది గదా సారూ.” ఆ మాట ఆమె నోటి నుండి వెలువడిన తరువాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అవ్వ కోడలి వైపు చూసింది. “సరేలే సారూ, అర్థమాయె” అన్నది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. మాత్రలు, గుడ్డు రెండు నెలలు సాగాయి. ఎనిమిదవ నెలలో కుటుంబమంతా గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళింది. అక్కడ వారికి అంగన్‌వాడీ గుడ్డు లేదు. తిరిగివచ్చిన తరువాత అత్తాకోడళ్ళు బిడ్డను తెచ్చి చూపించారు. బిడ్డ తూకం తక్కువగానే ఉన్నది, అయినా బాగా పాలు త్రాగుతున్నది. కూలి డబ్బులతో కొన్నాళ్ళు గుడ్లు కొన్నామని, తరువాత కొనలేకపోయామని అవ్వ చెప్పింది. కొన్న రోజులలో ఎవరు తిన్నారని నేను అడగలేదు. “దీనికే పెడితి” అని ఆమే చెప్పింది.

2020లో మన బడి భోజనంలో వారానికి 5 గుడ్లు చేర్చారు. అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు గుడ్డు అందుతున్నది. గుడ్డు గడప వరకు వస్తున్నది. గడప దాటిన తరువాత దాని ప్రయాణం మీ చేతిలోనే ఉన్నది. కోళ్ళ గుంపులో బలమైనది ముందు తింటుందని పైన చెప్పుకున్నాం. వాటికి అది ప్రకృతి. మనకు ఆలోచించే శక్తి ఉన్నది. కడుపులో బిడ్డను మోస్తున్న స్త్రీ, పాలిస్తున్న తల్లి, ఎదుగుతున్న ఆడపిల్ల తమ ఎముకలనూ రక్తాన్నీ కరిగించి మరొకరికి ఇస్తున్నారు. వారి పొదుపు డబ్బీ నింపవలసిన బాధ్యత ఇంటివారిది.

కావున పాఠకులారా, ఈ వారం మీ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. గుడ్లు ఎన్ని వచ్చాయో, ఎవరెవరు ఎన్ని తిన్నారో ఒక కాగితం మీద వ్రాయండి. అంగన్‌వాడీ గుడ్డును వీలైతే అక్కడే తినమని మీ కోడళ్ళకు, కూతుళ్ళకు చెప్పండి. ఇంటికి తెస్తే మీ ఎదుటనే తినిపించండి. సుగ్గికి వెళ్ళేవారు వెళ్ళిన చోట దగ్గరి అంగన్‌వాడీకి వెళ్ళి పేరు నమోదు చేయమని అడగండి. తల్లీబిడ్డల కార్డును బియ్యపు మూటతోపాటు జాగ్రత్తగా తీసుకొని వెళ్ళండి. గుడ్డు తినని శాకాహార కుటుంబాలవారు పప్పు, పాలు, వేరుశనగ, పెరుగులతో ఆ లోటు పూడ్చుకోవచ్చు. బి12 విషయమై వైద్యుని సంప్రదించండి. సందేహాలుంటే వ్రాయండి, నాకు తెలిసినంతలో సమాధానం ఇస్తాను.

అందరికీ ఆరోగ్యప్రాప్తిరస్తు.